నుగ్జార్ చూసిన సినిమా

కుతాయిసిలో తెల్లవంతెన దాటగానే
నా కళ్ళజోళ్ళ దుకాణం.
గురువారం సాయంత్రం నాలుగు దాటితే
బేరాలుండవు, పోట్లాటలుంటాయి.

మల్బరీ జామ్ సీసాతో త్సియాలా వస్తుంది.
మూతబడ్డ సినిమాహాల్లో ముప్పైరెండేళ్ళు టికెట్లు చింపిన చెయ్యి,
ఇప్పటికీ ఏ కాగితం కనబడ్డా మూల చించబోతుంది.
వెనకే నుగ్జార్,
అదే హాల్లో ప్రొజెక్టర్ తిప్పినవాడు.
ఒక కాలికి గోధుమరంగు మేజోడు, ఒక కాలికి ఆకుపచ్చది.
అదేం ఫ్యాషనో మేమెప్పుడూ అడగలేదు.

ఆ వారం బొమ్మ బాతు.
కాదు, కుందేలు.
"ముక్కు కనబడట్లా?" అంటుంది త్సియాలా.
"అవి చెవులు," అంటాడు నుగ్జార్.
"ఈదుతోందయ్యా నీ కుందేలు!"
"ఈదనీ. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

ఇంకో వారం సమానమైన రెండు గీతలు.
నేను కొలిచి చూపిస్తే
స్కేలు అబద్ధమాడుతోందని తేల్చారు, ఇద్దరూ ఒక్కటై.
మరోసారి, హాలు తెరిచిన రోజు తీసిన ఫొటో,
గుమ్మం ముందు ఆరుకాళ్ళ గుర్రం.
అందులో రెండు తనవేనంటాడు నుగ్జార్,
గుర్రం వెనక నక్కి నిలబడ్డాడట.
"అప్పటికి నువ్వు పుట్టనేలేదు," త్సియాలా.
"అందుకేగా కాళ్ళు మాత్రమే వచ్చాయి."

అలాంటి ఒక సాయంత్రం
పరీక్ష పుస్తకం తెరిచి ముందుంచాను, ఊరికే, సరదాకి.
బోలెడు చుక్కలు, వాటిలో దాక్కున్న అంకె.
"డెబ్భై నాలుగు," కప్పు దించకుండానే చెప్పింది త్సియాలా.
నుగ్జార్ చాలాసేపు చూశాడు.
"చుక్కలు," అన్నాడు. "ఒలికిపోయిన చిక్కుడుగింజలు."
"వేళాకోళం ఆపు."
"వేళాకోళం కాదు."
పేజీ తిప్పాను. చిక్కుడుగింజలు.
ఇంకో పేజీ.

బజారులో టమాటాని ఎందుకు వాసన చూస్తాడో
అప్పుడర్థమైంది. మేజోళ్ళు కూడా.
పచ్చకామెర్ల సామెత నాలుక చివరిదాకా వచ్చి
సిగ్గుపడి వెనక్కి పోయింది.
త్సియాలాకి మాత్రం నవ్వాగలేదు.
"రంగుల సినిమాలు ఆడించినవాడికి రంగులే తెలీవట!
అయితే ఆ అడవి సీను? ఎర్ర శాలువా కప్పుకుని ఆ పిల్ల
పొదల్లోకి నడిచేది, అదెలా కనబడేదయ్యా నీకు?"

"ఎర్ర శాలువానా?" అన్నాడు నుగ్జార్.

జామ్ చెంచా సీసాలోనే ఆగిపోయింది.

"ఆమె నడిచేది. ఒక్కో అడుగుకీ కొంచెం ఆకయ్యేది.
చివరికి పొదలే మిగిలేవి.
పైన ఆ చదరపు కంతలోంచి చూస్తూ
ప్రతి ఆటకీ ఏడ్చేవాణ్ణి.
కింద నాలుగొందలమంది పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతుంటే
అనుకునేవాణ్ణి, ఏం రాతిగుండెల జనంరా ఇది,
పిల్ల మాయమైపోతుంటే
ఒక్కడూ లేచి నిలబడడేమని."

"మాకు చివరిదాకా కనబడుతూనే ఉండేది, నుగ్జార్,"
త్సియాలా గొంతు తగ్గింది.
"అంత ఆకుల్లోనూ, మిరపపండులా."

"అయితే మీరా సినిమా చూడనేలేదు."

కోటు జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.
అందులో, తెగిన రీలు అతికించినప్పుడు మిగిలిన
నాలుగు ఫ్రేములు.
దీపానికి అడ్డం పట్టి చూశాం. ఎరుపే.
కళ్ళజోడు తీసి చూశాను. మసకలోనూ ఎర్రటి మరక,
మొండిది, పోదు.
త్సియాలా లేచి దీపం ఆర్పేసింది.

కిటికీ దగ్గరకి జరిగాం ముగ్గురం.
బయట రియోని నది మీద
వెలుతురు అడుగంటుతోంది.
శాలువా ముందు కందింది.
తర్వాత నల్లబడింది.
తర్వాత అది ఏ కొమ్మ నీడో, ఏది భుజమో,
వెతుకుతుండగానే
త్సియాలా నా చొక్కాచెయ్యి గట్టిగా పట్టుకుంది.
"అయ్యో, వెళ్ళిపోయింది."

"చూశావా," అన్నాడు నుగ్జార్,
ముప్పై ఏళ్ళకి పక్కసీట్లో ఎవరో కూర్చున్నట్టు.

"దీపం వెయ్యి, ఎక్కడుందో చూద్దాం," అన్నాను నేను,
అద్దాలమ్ముకునేవాణ్ణి కదా.

"వద్దు జౌరీ. ఇప్పుడేగా వెళ్ళింది.
కాస్త దూరం పోనీ."